అద్దె ఇంట్లో మేకు కొట్టకుండా బట్టల కప్‌బోర్డ్ సర్దుకోవడం ఎలా?

మీ ప్రశ్న చదివాను. రెండు గదుల పోర్షన్, గోడలో కడప రాయి అరలు, తలుపుల్లేవు, హ్యాంగర్లు తగిలించడానికి రాడ్ లేదు, పైగా ఓనర్ గారు ఒక్క మేకు కూడా కొట్టొద్దన్నారు. మావారి ఉద్యోగం వల్ల విజయవాడలోనూ హైదరాబాద్‌లోనూ మేం ఉన్న ఇళ్ళు చాలావరకు ఇలాంటివేనండీ. నేను చెప్పేది ఒకటే. గోడ మీద రూపాయి పెట్టకండి. ఖాళీ చేసినప్పుడు మీ సామానుతో పాటు వ్యాన్ ఎక్కే వస్తువుల మీదే పెట్టండి.

బట్టలు పెట్టకముందే ఖాళీ అరల్ని ఫోన్‌లో వీడియో తీసి ఓనర్ గారికి వాట్సాప్ చేయండి. పాత బీటలు, పెచ్చులూడిన చోట్లు కనబడాలి. పెయింటింగ్ కింద అడ్వాన్స్‌లో ఎలాగూ కోత పడుతుంది కదా అని కొందరు డ్రిల్లింగ్ చేయించేస్తారు. రంగు వేస్తే గోడ సరిపోతుంది కానీ, అర పక్కన డ్రిల్ పెడితే రాయి చిట్లే ప్రమాదం ఉంది. దాన్ని మార్చాలంటే గోడ తవ్వాల్సిందే.

ఇక హ్యాంగర్ల సంగతి. రెండు పక్క గోడల మధ్య బిగించే టెన్షన్ రాడ్ దొరుకుతుంది. చివర్లలో రబ్బరు ఉంటుంది, మేకు అక్కర్లేదు. స్ప్రింగు రకం కర్టెన్లకే సరిపోతుంది, బట్టల బరువుకు మర తిప్పి బిగించే రకం తీసుకోండి. కొనేముందు పైన, మధ్యలో, కింద మూడు చోట్లా వెడల్పు కొలవండి. ప్లాస్టరింగ్ ఎక్కడా ఒకేలా ఉండదు, అరంగుళం తేడా వచ్చినా ఆశ్చర్యం లేదు. రాడ్‌ని చివరి దాకా సాగదీసి వాడితే మధ్యలో వంగిపోతుంది కాబట్టి, మీ కొలత కంటే ఇంకా సాగే సైజు ఎంచుకోండి.

ఇంకో ముఖ్యమైన పని. పక్క గోడను వేలితో రుద్ది చూడండి. తెల్లటి పొడి అంటుకుంటే రబ్బరు అక్కడ నిలవదు, బరువు పడగానే రాడ్ జారుతుంది. తడిగుడ్డతో తుడిచి, బాగా ఆరనిచ్చి, రాడ్‌కీ గోడకీ మధ్య అరచేతి వెడల్పు రబ్బరు షీటు ముక్క ఒకటి పెట్టి బిగించండి. ఒత్తిడి ఒకే చోట పడదు.  అరల మధ్య నిలువుగా ఒంటి రాయి పెట్టి ఉంటే మాత్రం దానికి ఆనించి బిగించొద్దు, అది కదిలిపోవచ్చు.

అయితే అర ఎత్తు అడుగున్నరే ఉంటే రాడ్ ఉన్నా లాభం లేదు. చొక్కా వేలాడాలంటే దాదాపు మూడడుగులు కావాలి. మీ కింది అర ఎత్తుగా ఉందన్నారు కదా, హ్యాంగర్లు అక్కడే పెట్టుకోండి. మిగతావన్నీ మడతలే.

ఈ అరలతో అసలు చిక్కు లోతు. ముందు వరస తీస్తేగానీ వెనక వరస కనబడదు, నాలుగు రోజుల్లో అంతా కుప్ప అవుతుంది. అర లోతు కంటే రెండంగుళాలు తక్కువ పొడవున్న ప్లాస్టిక్ బుట్టలు కొని సొరుగుల్లా లాగి వాడండి. హైదరాబాద్ బేగంబజార్‌లో చవగ్గా దొరుకుతాయి, లేదంటే కిరాణా కొట్టు అట్టపెట్టెలైనా చాలు. వాటిలో బట్టల్ని ఒకదాని మీద ఒకటి కాకుండా పుస్తకాల్లా నిలబెట్టండి. అరకు కింద తగిలించే వైరు బుట్టలు కొనాలనిపిస్తే ముందు రాయి మందం కొలుచుకోండి. అవి పలచటి చెక్క అరల కోసం చేసినవి, చాలా రకాలు రాయికి పట్టవు.

అతికించే హుక్కులు డిస్టెంపర్ గోడకు వద్దు, ఊడేటప్పుడు రంగు పెచ్చుతో సహా వస్తుంది. టైల్స్ మీదా సన్‌మైకా మీదా బాగా నిలుస్తాయి. తీసేటప్పుడు హెయిర్ డ్రయర్‌తో కాసేపు వేడిచేసి, వెనక నుంచి దారంతో కోస్తే మరక లేకుండా వచ్చేస్తాయి. ఇనప బీరువా ఉంటే దాని పక్కన అయస్కాంతం హుక్కులు పెట్టుకోండి, బ్యాగులకీ బెల్టులకీ అంతకంటే సులువైనది లేదు.

పట్టుచీరల విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండండి. అర వెనక బాత్‌రూమ్ గోడ ఉంటే వానాకాలంలో చెమ్మ దిగుతుంది. ఆ అరలో గిన్నెలూ బకెట్లూ పెట్టుకోండి, చీరలు వద్దు. మిగతా అరల్లో కూడా బట్టలకీ వెనక గోడకీ మధ్య రెండంగుళాలు ఖాళీ వదలండి. రాయి అంచు గరుగ్గా ఉంటుంది, పట్టు పోగులు లాగేస్తుంది. కాబట్టి ముందు పాత దుప్పటి పరచండి. పట్టుచీరను ప్లాస్టిక్ కవర్లో కాకుండా పాత పంచె ముక్కలో చుట్టి, రెండు మూడు నెలలకోసారి మడత మార్చండి. లేకపోతే జరీ మడత దగ్గరే విరుగుతుంది. కలరా ఉండలు జరీకి తగలనివ్వకండి. వాటి దగ్గర కర్పూరం కూడా పెట్టొద్దు, రెండూ కలిస్తే కరిగి చీరకు మరక పడుతుంది. నేనైతే ఎండిన వేపాకూ లవంగాలూ మూటకట్టి పెడతాను.

తలుపులు లేవని కూడా బెంగ పడకండి. పైన సన్న స్ప్రింగు రాడ్ బిగించి పాత కాటన్ చీరను కర్టెన్‌గా కుట్టించి వేస్తే దుమ్ము ఆగుతుంది. నేలకు నాలుగంగుళాలు పైకే ఉండేలా కుట్టించండి, కింద నుంచి గాలి ఆడుతుంది, ఊడ్చేటప్పుడు అడ్డం రాదు.