డీపీలో (డెవలప్‌మెంట్ ప్లాన్‌లో) పార్కు అని రాసి ఉంటే ఆ జాగా మున్సిపాలిటీదేనా? (చంద్రపూర్, బల్లార్‌పూర్ వైపు తెలుగువాళ్ల సందేహం)

కాదు. డెవలప్‌మెంట్ ప్లాన్‌లో, అంటే ఊళ్లో ఏ స్థలం దేనికో చూపే ప్లాన్‌లో, పార్కుగా చూపించినంత మాత్రాన స్థలం మున్సిపాలిటీ సొంతం కాదు, సేకరించేదాకా అది యజమానిదే.

మహారాష్ట్రలో ఈ ప్లాన్‌ను సుమారు 20 ఏళ్ల అవసరాలు లెక్కేసి తయారు చేస్తారు. ఊరు పెరిగాక ఖాళీ జాగా దొరకదు కాబట్టి పార్కులకు, ఆటస్థలాలకు ముందే గుర్తు పెట్టి ఉంచుతారు. దాన్నే అక్కడ ఆరక్షణ్, అంటే రిజర్వేషన్ అంటారు. ఆ తర్వాత నష్టపరిహారం ఇచ్చి స్థలం తీసుకోవాలి. డబ్బు బదులు టీడీఆర్, అంటే వేరేచోట అదనంగా కట్టుకునే హక్కు కూడా ఇవ్వవచ్చు. పని ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే: గీత గీయడానికి ఖర్చు లేదు, స్థలం కొనడానికి ఉంది.

ఉదాహరణకు ప్లాన్ 2010లో అమల్లోకి వచ్చిందనుకుందాం. 2020 దాకా స్థలం తీసుకోకపోతే, 1966 నాటి ప్రాంతీయ, పట్టణ ప్రణాళిక చట్టం సెక్షన్ 127 కింద యజమాని నోటీసు ఇవ్వవచ్చు. నోటీసు అందిన 24 నెలల్లో సేకరణ గానీ, అందుకు తగిన చర్య గానీ లేకపోతే రిజర్వేషన్ రద్దవుతుంది. పార్కు పోయినట్టే.

పదేళ్లు దాటితే రిజర్వేషన్ దానంతటదే పోతుందని చాలామంది అనుకుంటారు, కొందరు బ్రోకర్లు అలాగే చెప్పి ప్లాట్లు అమ్ముతారు కూడా. నోటీసు లేకుండా ఆ 24 నెలల గడువు మొదలే కాదు. కొనేముందు సాత్‌బారాలో (అక్కడి 7/12 భూమి రికార్డులో) పేరు చూస్తే సరిపోదు, డీపీలో ఆ సర్వే నంబరుకు ఏం రాశారో కూడా చూడాలి.