సున్నపురాయి బెల్టు మీద ఫ్యూజన్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా సిమెంటు ఫ్యాక్టరీలో సున్నపురాయి బెల్టు మీద రాయిలో ఏమేముందో కొలిచే పాత ఎనలైజర్ తీసేసి కొత్తది పెట్టారు. పాతదానిలో కాలిఫోర్నియం అనే రేడియోధార్మిక పదార్థం ఉండేది. కొత్తదానిలో న్యూట్రాన్ జనరేటర్ ఉందట, అందులో జరిగేది ఫ్యూజనేనట. నిజమేనా? పక్కన పనిచేసేవాళ్లకు ప్రమాదమా? (తాండూరు)

జవాబు: నిజమే. తేలిక పరమాణు కేంద్రకాలు రెండు కలిసిపోవడమే ఫ్యూజన్. ఫ్యూజన్ కరెంటు ఇంకా ఏ ఊరికీ రాలేదు గానీ, ఫ్యూజన్ న్యూట్రాన్ల వ్యాపారం దశాబ్దాలుగా సాగుతోంది. చమురు బావుల్లోకి దించి చుట్టూ ఉన్న రాతిని పరీక్షించే లాగింగ్ పరికరాల్లోనూ ఇలాంటి గొట్టాలే ఉంటాయి.

గాలి చొరబడకుండా మూసేసిన గొట్టం అది. ఒక చివర డ్యుటీరియం, ట్రిటియం (రెండూ హైడ్రోజన్‌లోనే బరువైన రకాలు) వాయువులను ప్లాస్మాగా, అంటే అయాన్లుగా విడిపోయిన వాయువుగా మారుస్తారు. అందులోంచి అయాన్లను సుమారు 100 కిలోవోల్టులతో లాగి, రెండో చివరనున్న టైటానియం పూత మీదికి కొడతారు. ఆ పూతలోనూ అవే వాయువులు ఇంకి ఉంటాయి. ఢీకొన్నవాటిలో ఏ కొద్ది జంటలో కలిసి హీలియంగా మారి, 14.1 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రాన్‌ను విసురుతాయి. మిగతా అయాన్ల శక్తంతా టార్గెట్‌ను వేడెక్కించడానికే పోతుంది. సెకనుకు 10 కోట్ల న్యూట్రాన్లు ఇచ్చే గొట్టంలో పుట్టే ఫ్యూజన్ శక్తి 0.3 మిల్లీవాట్‌కు మించదు. అయాన్ల పుంజం ఒక్కటే వాట్లలో కరెంటు తింటుంది. శక్తి లెక్కన చూస్తే శుద్ధ నష్టం. అయినా మీ ఫ్యాక్టరీ కొన్నది శక్తి కోసం కాదు, న్యూట్రాన్ల కోసం.

న్యూట్రాన్లు రాయిలోకి దూరితే కాల్షియం, సిలికాన్, అల్యూమినియం, ఇనుము దేనికదే తనదైన శక్తితో గామా కిరణాలు వదులుతాయి. వాటిని లెక్కగట్టి ఎనలైజర్ లైమ్ శాచురేషన్ ఫ్యాక్టర్, సిలికా మాడ్యులస్ (సిమెంటు మిశ్రమంలో సున్నం, సిలికా పాళ్లు చెప్పే అంకెలు) నిమిషాల మీద చూపిస్తుంది. శాంపిల్ తీసి, పొడి చేసి, ల్యాబ్‌లో ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఎక్స్‌రేలతో మూలకాలను కొలిచే పరీక్ష) ఫలితం వచ్చేసరికి ఎన్నో టన్నుల రాయి మిల్లుకు వెళ్లిపోయి ఉంటుంది. ఈ పెట్టె విలువంతా ఆ తేడాలోనే ఉంది.

అంకెలు ఊగుతున్నాయంటే ముందు బెల్టు మీద రాయి మందం చూడండి. పలచబడితే సిగ్నల్ తగ్గి లెక్క తప్పుతుంది. లోపల స్టీలు తీగలున్న బెల్టు వేస్తే ఇనుము ఎక్కువ చూపిస్తుంది. బెల్టు మార్చినప్పుడల్లా ఖాళీ బెల్టుతో మళ్లీ క్యాలిబ్రేట్ చేయాలి. ల్యాబ్‌తో సరిచూసేటప్పుడు పిడికెడు శాంపిల్‌తో కాక, షిఫ్టు మొత్తం సగటుతో పోల్చాలి.

భద్రత విషయానికొస్తే, కాలిఫోర్నియం-252 రాత్రీపగలూ న్యూట్రాన్లు వదులుతూనే ఉంటుంది. పైగా అర్ధాయువు 2.65 ఏళ్లే కాబట్టి కొత్త సరుకు వేస్తూ ఉండాలి. జనరేటర్‌కు హై వోల్టేజి తీసేస్తే న్యూట్రాన్లు ఆగిపోతాయి. అలాగని వెంటనే తలుపు తెరవకండి. చుట్టూ ఉన్న రాయిలో పుట్టిన అల్యూమినియం-28 లాంటివి కొన్ని నిమిషాలు గామా ఇస్తాయి (దాని అర్ధాయువు 2.24 నిమిషాలు). తాళంచెవి తీసి దగ్గర పెట్టుకుని, కాసేపు ఆగి, సర్వే మీటర్‌తో చూశాకే తెరవాలి. పాడైన గొట్టంలో ట్రిటియం మిగిలి ఉంటుంది. దాన్ని తుక్కులో వేయకుండా, ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) నిబంధనల ప్రకారం తయారీదారుకు తిప్పి పంపాలి.

ప్రశ్న: ఫ్యాబ్రికేషన్ షాపులో లోహం కోసే ఎయిర్ ప్లాస్మా మెషీన్ పెట్టాం. నాజిల్, ఎలక్ట్రోడ్ పూట కూడా ఆగడం లేదు. కోత ఏటవాలుగా వస్తోంది. (విజయవాడ ఆటోనగర్)

జవాబు: మెషీన్‌ను అనుమానించే ముందు గాలిని అనుమానించండి. రాగి ఎలక్ట్రోడ్ కొసన ఉన్న హాఫ్నియం చుక్క నుంచే ఆర్క్ లేస్తుంది. తడి, నూనె ఉన్న గాలి దాన్ని త్వరగా తినేస్తుంది. కోయకుండా గాలి మాత్రం వదిలి, టార్చ్ ముందు అద్దం ముక్క పట్టండి. తేమ పట్టినా, నూనె మరక పడినా కారణం దొరికినట్టే. కంప్రెషర్ ట్యాంకు నీళ్లు రోజూ వదలాలి. వేడి గాలి నేరుగా ఫిల్టర్‌లోకి వెళితే నీళ్లు ఆవిరిగానే దాటిపోతాయి, అవతల టార్చ్‌లో దిగుతాయి. మధ్యలో పొడవైన ఇనుప పైపు వేసి, గాలి చల్లారాక ఫిల్టర్ పెట్టండి. మీ కోస్తా ఉక్కపోతకు డ్రయ్యర్ ఖర్చు దండగ కాదు. ప్రెషర్ కూడా గాలి పారుతున్నప్పుడే చూడాలి, ఆగినప్పుడు గేజ్ చూపే అంకెను నమ్మొద్దు.

మధ్యలో రంధ్రం పొడిచి కోత మొదలుపెట్టేటప్పుడు టార్చ్‌ను కోత ఎత్తుకు ఒకటిన్నర నుంచి రెండింతలు పైన ఉంచండి. లేకపోతే కరిగిన ఇనుము ఎగిరి నాజిల్‌కు అంటుకుంటుంది. వీలైతే అంచు నుంచే మొదలుపెట్టండి. కోత అయ్యాక గాలి కొన్ని సెకన్లు వస్తూనే ఉంటుంది, అది ఎలక్ట్రోడ్‌ను చల్లార్చే గాలి. ఆ లోపు మెయిన్ స్విచ్ కట్టేయడం చాలా షాపుల్లో ఉన్న దురలవాటు. హాఫ్నియం గుంట దాదాపు 1.5 మిల్లీమీటర్లు దిగితే మార్చేయాలి. ఇంకా లాగితే నాజిల్‌తో పాటు టార్చ్ తల కూడా పోతుంది.

ఏటవాలుకు మొదటి కారణం నాజిల్ రంధ్రం గుండ్రం తప్పడం. రెండోది చాలామంది పట్టించుకోరు. టార్చ్‌లో గాలి సుడి తిరుగుతుంది. మామూలు టార్చ్‌లో, కోసే దిశలో చూస్తే కుడివైపు అంచు నిటారుగా, ఎడమవైపు వాలుగా వస్తుంది. కావాల్సిన ముక్క కుడివైపు ఉండేలా నడపండి. అడుగున మందంగా, తట్టగానే రాలే చిట్టెం కడితే వేగం చాలడం లేదు. సన్నగా, గట్టిగా పట్టుకుని గ్రైండర్ అడిగితే వేగం ఎక్కువైంది.

నీళ్ల టేబుల్ మీద అల్యూమినియం కోస్తుంటే జాగ్రత్త. కరిగిన అల్యూమినియం నీటితో కలిసి హైడ్రోజన్ పుడుతుంది. అది షీటు కింద చేరితే పేలుతుంది. గాలి ఆడే ఏర్పాటు లేకుండా ఆ పని ఒప్పుకోకండి.

ప్రశ్న: అమెరికాలో పెట్టినదానికంటే ఎక్కువ ఫ్యూజన్ శక్తి వచ్చిందన్నారు. మరి ప్లాంటు ఏది? (వరంగల్)

జవాబు: 2022 డిసెంబరు 5న లారెన్స్ లివర్‌మోర్ ల్యాబ్‌లో లేజర్లు 2.05 మెగాజౌళ్లు ఇస్తే 3.15 వచ్చాయి. కానీ ఆ లేజర్లు గ్రిడ్ నుంచి లాగింది దాదాపు 300. వచ్చినదాన్ని మన మీటరు భాషలో చెప్పాలంటే ఒక యూనిట్‌కు తక్కువే, యూనిట్ అంటే 3.6 మెగాజౌళ్లు. ఫ్రాన్స్‌లో పలు దేశాలు కలిసి కడుతున్న ప్రయోగాత్మక ఫ్యూజన్ రియాక్టర్ ఐటర్‌కు 30 మీటర్ల క్రయోస్టాట్‌ను (రియాక్టర్‌ను చుట్టి ఉండే పెద్ద స్టీలు పాత్ర) ఎల్ అండ్ టీ హజీరాలో చేసింది. అక్కడ డ్యుటీరియం-ట్రిటియం ప్రయోగాలకు ఇప్పుడు చెబుతున్న గడువు 2039. ఐటర్ కరెంటు తయారుచేయదు కూడా. ప్రైవేటు కంపెనీలు ఇంకా తొందరపడుతున్నాయి: కామన్వెల్త్ ఫ్యూజన్ సిస్టమ్స్ 2030ల మొదట్లో వర్జీనియాలో 400 మెగావాట్లంటోంది, గూగుల్ అందులో సగం కొంటానంది. ఒప్పందాన్ని ప్లాంటుగా లెక్కపెట్టకండి.

ప్రశ్న: మా మణుగూరు భారజలం ఫ్యూజన్‌కు పనికొస్తుందా? (అశ్వాపురం)

జవాబు: పనికొస్తుంది. మామూలు హైడ్రోజన్ బదులు డ్యుటీరియం ఉన్న నీరే భారజలం. దాని బరువులో అయిదోవంతు డ్యుటీరియమే. 1000 మెగావాట్ల ఫ్యూజన్ వేడినిచ్చే ప్లాంటు ఏడాదంతా ఆగకుండా నడిచినా 37 కిలోల డ్యుటీరియం చాలు, అంటే 185 కిలోల భారజలం. మీ భారజలం ప్లాంటు సామర్థ్యం ఏడాదికి 185 టన్నులు, అలాంటి వెయ్యి ఫ్యూజన్ ప్లాంట్లకు సరిపడా.

పీట ముడి ట్రిటియం దగ్గర పడింది. అదే 1000 మెగావాట్ల ఫ్యూజన్ ప్లాంటుకు ఏడాదికి 56 కిలోలు కావాలి. పౌర అవసరాలకు ప్రపంచంలో ఉన్న నిల్వ, ఎక్కువగా కెనడా భారజల రియాక్టర్ల నుంచి వచ్చినది, 25–30 కిలోల దగ్గరే ఉంది. అదీ 12.3 ఏళ్లకు సగమైపోతుంది. అందుకే రియాక్టర్ చుట్టూ లిథియం పొర కట్టి, బయటికొచ్చే న్యూట్రాన్లతో అక్కడికక్కడే ట్రిటియం పుట్టించాలి. గోడల్లో కొన్ని న్యూట్రాన్లు పోతాయి కాబట్టి సీసం, బెరీలియం లాంటివి వేసి వాటి సంఖ్య పెంచాలి. ఒక ట్రిటియం కాలితే ఒకటికి పైగా తిరిగి రావాలి. ఇప్పటివరకు నడిచిన ఏ ఫ్యూజన్ యంత్రమూ ఈ లెక్క తేల్చలేదు.