రక్షకుడి గురించి రాస్తున్న తమ్ముడికి

ప్రభువునందు ప్రియమైన తమ్ముడికి వందనాలు.

నీ వ్యాసం చదివాను. యేసు దేవుడని పేజీలకు పేజీలు వాక్యాలు చూపించావు. మనిషి అన్న దగ్గరికొచ్చేసరికి ‘మనకోసం శరీరధారి అయ్యాడు’ అని ఒక్క ముక్కతో దాటేశావు. ఆయన్ను మనిషిగా చూపిస్తే దైవత్వం తగ్గిపోతుందేమోనని టెన్షన్ పడ్డట్టున్నావు. అక్కర్లేదు.

325లో సంఘ పెద్దలు కూడిన నికయ సభ, కుమారుడు దేవుడు సృష్టించినవాడేనన్న అరియు బోధను ఖండించిందని రాశావు, సరే. ఆ తర్వాతి సంగతి వదిలేశావు. నికయ పక్షాన గట్టిగా నిలబడ్డ అపొల్లినారిస్ అనే బిషప్పే, యేసుకు మన శరీరం ఉంది గానీ మన మనసు లేదన్నాడు. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ దాన్నీ తోసిపుచ్చింది. యేసు మనలోని దేన్ని స్వీకరించలేదో అది స్వస్థపడలేదన్నాడు ఆ కాలపు బిషప్పు నజియాంజు గ్రెగరీ. మన దిగులూ భయమూ ఆయన ఎరగకపోతే వాటికి విడుదల ఎక్కడిది?

యేసులో దైవత్వం, మానవత్వం పాలూ నీళ్లలా కలిశాయన్న పోలిక తీసెయ్. కలిపితే రెండూ పలచబడతాయి. 451లో ఖల్కెదోను సభ వద్దన్నది ఆ కలగలుపునే. రెండు స్వభావాలూ కలిసిపోవు, మారిపోవు, విడిపోవు, వేరుపడవు. వ్యక్తి మాత్రం ఒక్కడే.

మార్కు 4వ అధ్యాయంలో సరస్సు మీద తుఫాను సంగతి తీసుకో. రాసేముందు సముద్రతీరాన కొత్తపట్నం వెళ్లి చేపల వేటకెళ్లే వాళ్లతో మాట్లాడు. పడవలోకి నీళ్లొస్తున్నా మెలకువ రానంత నిద్ర ఎంత అలసటలో పడుతుందో వాళ్లు చెబుతారు. యేసు అమరంలో, అంటే పడవ వెనక భాగంలో, తలగడ మీద అలా పడుకున్నాడు. మనిషిగా నిద్రపోయాడు, దేవుడిగా గాలిని గద్దించాడు అని రాస్తే తప్పు లేదు గానీ, చదివేవాళ్లకి పడవలో ఇద్దరున్నట్టుంటుంది. గద్దించినవాడు ఆ నిద్రలేచినవాడే అని తెలిసేలా రాయి.

మన జిల్లా సంగతీ మర్చిపోకు. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు, ఎక్కువమంది మాదిగ కుటుంబాలవాళ్లు. వాళ్ల మునిమనవలే నీ పాఠకులు. నలభై రోజుల ఉపవాసం తర్వాత యేసుకు ఆకలేసిందన్న మాట వాళ్లకి వివరించక్కర్లేదు, నువ్వు దాచకపోతే చాలు.

సిలువకు ముందు రాత్రి యేసు ప్రార్థించిన గెత్సేమనే తోట నీ వ్యాసంలో లేనేలేదు. ‘నా తండ్రీ’ అని పిలిచే చనువూ, ఈ శ్రమల గిన్నె తొలగించమనే వేదనా ఒకే నోట వచ్చిన చోటది. ముందు ఆ పేజీ రాసి పంపు. మిగతా దిద్దుబాట్లు తర్వాత చూద్దాం.

ప్రభువునందు నీ అన్న,
ఒంగోలు