చిటికెన వేలు నొక్కితే నంబరు పెంచాలా?

ప్రశ్న: సార్, జూనియర్ కాలేజీ లెక్చరర్‌ని. రోజుకు ఐదు గంటలు నిలబడే ఉద్యోగం. పాతకాలం డిజైన్ అడిడాస్ సాంబా షూస్ మీద మనసు పడ్డాను. ఎనిమిదో నంబరు వేస్తే చిటికెన వేలు నొక్కుతోంది, తొమ్మిదైతే మడమ లేచిపోతోంది. నలభై దాటినవాడికి ఇవి నప్పుతాయా అని ఇంకో డౌటు.
– ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: నప్పడం సంగతి ముందే తేల్చేద్దాం. సాంబా 1950 ప్రాంతంలో, గడ్డకట్టిన నేల మీద ఫుట్‌బాల్ ఆటగాళ్లు జారకుండా తయారైంది. వయసులో మీకంటే పెద్దది, మొహమాటపడితే అదే పడాలి! కాకపోతే ఆ సన్నటి ఆకారం బారు ప్యాంటు కింద కనపడదు. చీలమండ దగ్గర ఆగే ప్యాంటు వేయండి.

అసలు చిక్కు వెడల్పుది. నంబరు ఒకటి పెంచితే పొడవు దాదాపు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది, వెడల్పు అంత పెరగదు. అందుకే మీ మడమ లేస్తోంది, వేలు మాత్రం ఇంకా ఇరుకులోనే ఉంది. తెల్ల కాగితం మీద నిలబడి పాదం చుట్టూ పెన్సిల్‌తో గీయించుకోండి. కూర్చుని కాదు, నిలబడితేనే పాదం పరుచుకుంటుంది. షూను ఆ గీత మీద పెట్టండి. చిటికెన వేలి వైపు గీత బయటికి వచ్చిందా, ఎంత బాగున్నా వదిలేయండి.

ఇది నాకు డబ్బులు పోయాక వచ్చిన తెలివి. బీసెంట్ రోడ్డులో ఒకసారి పొద్దున్నే, ఏసీలో కూర్చుని, కాలికి వేసి చూసుకుని కొన్నాను. సాయంత్రం ప్రకాశం బ్యారేజీ సగం దాటేసరికి కాళ్లు పొంగి, షూస్ విప్పి చేత్తో పట్టుకోవాల్సి వచ్చింది. 'వాడితే సాగుతాయి సార్' అన్నాడు షాపబ్బాయి. తోలైతే కాస్త సాగుతుంది. నావి రెగ్జిను, సాగింది నా ఓపికే.

ఇంకోటి, ఈ పాత డిజైన్లకు అడుగు పల్చన. షికారుకు సరే. క్లాసురూం గచ్చు మీద ఐదు గంటలంటే మడమలు పీకేస్తాయి. రెట్రోయే కావాలంటే 1988 నాటి న్యూ బ్యాలెన్స్ 574 కూడా వేసి చూడండి, దాని మడమ కింద మెత్తటి పొర ఉంటుంది.

సాంబానే కావాలంటారా, ఎనిమిదిన్నర ఉందేమో అడగండి. సాయంత్రం ఆరు దాటాక, కాలేజీకి వేసుకునే సాక్సుతోనే వెళ్లండి. రెండు కాళ్లకీ వేసుకుని పది నిమిషాలు నిలబడండి, షాపబ్బాయి విసుక్కున్నా సరే.