బందరు రోడ్డెక్కే ముందు: బుజ్జికి మావయ్య ఉత్తరం

చి. బుజ్జికి మావయ్య ఆశీస్సులు.

కారు తీసుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సెకండ్‌హ్యాండ్ అయినా బాగా చూసుకున్న బండేనట, సంతోషం. సోమవారం నుంచి ఉయ్యూరులో బయల్దేరి రోజూ నువ్వే నడుపుకుంటూ బందరు స్కూలుకి వెళ్ళొస్తావని కూడా చెప్పింది. ఆ మాట విన్న దగ్గర్నుంచీ ఈ ఉత్తరం నా మనసులో తిరుగుతూనే ఉంది. ఫోన్లో చెబితే "సరే మావయ్యా, జాగ్రత్తగానే వెళ్తాలే" అనేస్తావు. కాగితం మీదైతే రెండోసారి చదువుతావని రాస్తున్నాను.

నేను చెప్పబోయేది ఒక్క రకం ప్రమాదం గురించే. పక్కనుంచి గుద్దేది. బ్రేకులు, టైర్లు, ఆయిలు సంగతి మీ నాన్న చెబుతాడు. ఇది మాత్రం నేనే చెప్పాలి. ముప్పై ఆరేళ్ళుగా ఆటోనగర్లో టింకరింగ్ చేస్తున్నాను. గుద్దుకున్న బండ్లను ఈ చేతుల్తోనే విప్పాను.

కొన్నేళ్ళ కిందట ఒక తెల్ల కారు వచ్చింది షెడ్డుకి. క్రేన్ వాడు దింపి వెళ్ళిపోయాడు. ముందు నుంచి చూస్తే ఈ బండికి ఏమైందిరా అనిపించింది. బానెట్ మీద గీత లేదు, హెడ్‌లైట్లు రెండూ వెలుగుతున్నాయి, తాళం తిప్పితే ఒక్క సెల్ఫుకే ఇంజన్ అందుకుంది. చుట్టూ తిరిగి డ్రైవర్ వైపు వెళ్తే తలుపు ఉండాల్సిన చోట గొయ్యి ఉంది. సీటు జరిగి హ్యాండ్‌బ్రేక్‌ను ఆనుకుంది. నా షెడ్డు కుర్రాడు తలుపు కోస్తుంటే ఆ తలుపు జేబులోంచి స్టీలు నీళ్ళ సీసా ఒకటి కింద పడింది, అట్లకాడంత పలచబడిపోయి. మూత మాత్రం బిగిసే ఉంది. ఆ రోజు మధ్యాహ్నం ఆ బండి పక్కన కూర్చుని అన్నం తినలేకపోయాం మేమిద్దరం.

నీకు అర్థమవడానికి ఒక చిన్న పని చెబుతాను. నీ కారు దగ్గరికెళ్ళి తలుపు రేకు మధ్యలో బొటనవేలితో నొక్కు. లోపలికి పోతుంది. ఆ రేకు వెనక అద్దం ఎక్కించే మిషను, తాళం, అడ్డంగా ఒక ఇనప పైపు, ఆ తర్వాత ప్లాస్టిక్ ప్యాడు. అంతే, ఆ ప్యాడు పక్కనే నీ మోచెయ్యి ఉంటుంది. మొత్తం కలిపినా జానెడు. అదే ముందువైపు చూడు: బంపరు, రేడియేటరు, ఇంజను, రెండు పక్కలా ఛాసిస్ కొమ్ములు. ఎదురుగా గుద్దితే ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి నలుగుతూ దెబ్బను మింగుతాయి. అలా నలగాలనే తయారుచేస్తారు. పక్కన నలగడానికి చోటే లేదు. ఆ జానెడూ అయిపోయాక తర్వాత వచ్చేది మనిషే.

కంపెనీలు ఏమీ చేయలేదని కాదు. మన దేశంలో కొత్త మోడళ్ళకి 2017 అక్టోబరు నుంచి పక్క గుద్దుడు పరీక్ష తప్పనిసరి చేశారు, 2019 అక్టోబరు నుంచి పాత మోడళ్ళకి కూడా. 950 కిలోల బండిని 50 కిలోమీటర్ల వేగంతో తీసుకొచ్చి తలుపుకి కొడతారు. 2023 అక్టోబరు 1 నుంచి భారత్ ఎన్‌క్యాప్ అని కార్ల భద్రతని పరీక్షించే పథకం వచ్చి నక్షత్రాలు కూడా ఇస్తున్నారు. అందులో కారును పక్కకి జరిపి ఇనప స్తంభానికి కొట్టించే పరీక్ష ఉంది, దాని వేగం గంటకి 29 కిలోమీటర్లు. ఈ అంకెలు బాగా గుర్తుపెట్టుకో. నీ రోడ్డు మీద వచ్చేవి 950 కిలోల బండ్లు కావు. పెద్ద కార్లే రెండు టన్నులు తూగుతాయి, ఇసుక లారీ సంగతి చెప్పనే అక్కర్లేదు. వేగం 50 నుంచి 100కి పెరిగితే దెబ్బ రెండింతలు కాదు, నాలుగింతలు. పైగా ఎత్తుగా ఉండే బండ్ల ముక్కు నీ కారు కింది గడపకి తగలదు, దాని పైనుంచి నేరుగా తలుపు మధ్యలో దిగుతుంది. నక్షత్రాలున్న బండి కొనడం మంచిదే. కానీ అది చూసుకుని లారీకి అడ్డం వెళ్ళే ధైర్యం మాత్రం తెచ్చుకోకు.

ఇప్పుడు ఇంట్లో సంగతి చెబుతాను. మీ అత్తయ్య మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకుంటుంది కదా. చిన్నప్పుడు నువ్వు అడిగితే "పడ్డాను లేవే" అంది. పడలేదు. నేను నడుపుతున్న వ్యాన్లో, నా పక్క సీట్లో కూర్చుంది.

కంకిపాడు దాటాక కుడివైపు ఊళ్ళోకి తిరగాలి. అప్పుడు రోడ్డుకి మధ్యలో డివైడరు లేదు. ఎదురుగా లారీ వస్తోంది. ఆ డ్రైవరు మంచివాడు, వేగం తగ్గించి, చెయ్యి ఊపి "పో" అన్నాడు. నేను దణ్ణం పెట్టి తిప్పాను. ఆ లారీ వెనకున్న జీపు వాడికి నేను కనపడలేదు, లారీ ఎందుకు ఆగిందో తెలియలేదు. పక్కకి తీసి ముందుకొచ్చేశాడు. కుడికి తిరుగుతున్నప్పుడు ఎదురొచ్చే వాళ్ళకి మన ఎడమ పక్క కనపడుతుంది కదమ్మా. ఎడమ పక్కన మీ అత్తయ్య ఉంది. తుంటి ఎముక రెండు చోట్ల విరిగింది. నాకు చిన్న గీత కూడా పడలేదు. అప్పట్నుంచీ ఆమె గోడ పట్టుకుని మెట్లెక్కుతున్న ప్రతిసారీ నేను తల పక్కకి తిప్పుకుంటూనే ఉన్నాను.

అందుకే చెబుతున్నా: దారిచ్చేవాడు ఇచ్చాడని కదలకు. అతను తన ఒక్క బండికే హామీ ఇవ్వగలడు, వెనకాల వచ్చేవాడికి ఇవ్వలేడు. బస్సైనా లారీ అయినా ఆగి దారిస్తే, దాని ముక్కు దాకా పాక్కుంటూ వెళ్ళు, అక్కడ ఆగి రెండో లైను ఖాళీగా ఉందో లేదో నీ కళ్ళతో చూసుకో. వెనక హారన్లు కొడతారు, కొట్టనీ. మన వైపు లైట్లు కొట్టారంటే "నువ్వు పో" అని అనుకుంటావేమో, మన రోడ్ల మీద చాలామందికి దాని అర్థం "నేను వస్తున్నా, ఆగు" అని.

ఇప్పుడు బందరు రోడ్డుకి నాలుగు లైన్లు, మధ్యలో డివైడరు ఉంది. ప్రమాదం పోలేదు, డివైడరుకి వదిలిన కంతల దగ్గరికి చేరింది. నువ్వు అడ్డంగా దాటడం మొదలుపెట్టగానే ముందు కుడివైపు నుంచి వస్తారు, అంటే నీ తలుపు మీదికి. రెండో సగంలో ఎడమ నుంచి వస్తారు, పక్కన కూర్చున్నవాళ్ళ మీదికి. రెండు లైన్ల వెడల్పు ఏడు మీటర్లు, నీ కారు పొడవు నాలుగు. ఆగి ఉన్న బండి కదిలి, తోకతో సహా ఆ పదకొండు మీటర్లు దాటాలంటే నాలుగు సెకన్లు పడుతుంది. తొంభై వేగంతో వచ్చేవాడు సెకనుకి పాతిక మీటర్లు వస్తాడు. నువ్వు కదిలేటప్పుడు వంద మీటర్ల దూరంలో ఉన్నవాడు నీ తోక దాటేసరికి నీ దగ్గరే ఉంటాడు. గేరు సరిగా పడకపోయినా, ఇంజన్ ఆగినా ఇంక చెప్పేదేముంది. అందుకని కనీసం రెండొందల మీటర్లు ఖాళీ ఉంటేనే కదులు. రాత్రిపూట రెండు లైట్ల చుక్కల్ని చూసి వేగం అంచనా కట్టడం ఎవరికీ చేతకాదు. మోటార్‌సైకిల్ సన్నగా ఉంటుంది కాబట్టి ఉన్నదానికంటే దూరంగా కనపడుతుంది. అనుమానం వస్తే ఆ బండి వెళ్ళిపోయేదాకా ఆగు.

ఇంకో మాట. సగం దాటి డివైడరు కంతలో ఆగి, మిగతా సగం తర్వాత చూసుకుందాం అనుకుంటారు అందరూ. డివైడరు నీ కారు పొడవు కంటే సన్నగా ఉంటే నీ తోక కుడి లైనులోనే ఉండిపోతుంది. అది అందరికంటే వేగంగా వచ్చేవాళ్ళ లైను. వెనక చక్రం దగ్గర తగిలిందా, బండి బొంగరంలా తిరిగి అవతలి రోడ్డు మీద పడుతుంది. అలాంటి కంతల దగ్గర రెండు వైపులా ఒకేసారి ఖాళీ దొరకాలి, లేకపోతే దాటకు. రెండు కిలోమీటర్లు ఎక్కువైనా అండర్‌పాస్ కిందనుంచో, సిగ్నల్ ఉన్నచోటో తిరిగి రా. ఇంటికి ఐదు నిమిషాలు ఆలస్యంగా వస్తావు, అంతేగా.

సిగ్నల్ దగ్గర పచ్చ పడగానే మొదటి బండిగా దూకకు. ఎరుపు పడ్డాక కూడా లాగించేవాడు ఒకడుంటాడు, ముఖ్యంగా పొద్దున్నే, రాత్రి పొద్దుపోయాకా. రెండు అంకెలు లెక్కపెట్టి, కుడి ఎడమ చూసి కదులు.

అద్దానికి పక్కనుండే పిల్లర్ గురించి ఎవరూ చెప్పరు. ఇప్పటి కార్లకి అది అరచేయంత లావు ఉంటుంది. దాని వెనక మోటార్‌సైకిల్ పూర్తిగా దాక్కుంటుంది, ఒక్కోసారి కారు కూడా. నువ్వు కదులుతుంటే అతనూ అదే లెక్కన కదులుతుంటాడు. దాంతో చివరిదాకా ఆ పిల్లర్ చాటునే ఉండిపోతాడు. గుద్దుకున్నాక "ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో" అంటారు. దాటబోయే ముందు సీట్లో ముందుకి ఒకసారి, వెనక్కి ఒకసారి వంగి చూడు. మెడ ఒక్కటి తిప్పితే చాలదు, నడుముతో సహా కదలాలి.

కూడలిలో నేరుగా వెళ్ళేటప్పుడు నాలుగు ఇండికేటర్లూ వేసే అలవాటు చాలామందికి ఉంది. పక్కనుంచి చూసేవాడికి ఒక వైపువే కనపడతాయి, నువ్వు తిరుగుతున్నావనుకుని అతను వచ్చేస్తాడు. నేరుగా వెళ్తుంటే ఏ ఇండికేటరూ వేయకు. బోర్డూ సిగ్నలూ లేని కూడలిలో, రెండూ ఒక స్థాయి రోడ్లయితే, కుడి నుంచి వచ్చేవాడికి దారివ్వాలన్నది చట్టం. అవతలివాడికి ఆ సంగతి తెలుసనుకోకు. చెరకు సీజన్లో మీ ఉయ్యూరు దగ్గర డొంక రోడ్ల నుంచి ట్రాక్టర్లు చూడకుండా ఎక్కేస్తాయి, ట్రక్కుకి వెనక లైటు కూడా ఉండదు. అక్కడ మెయిన్ రోడ్డు నీదే అయినా కాలు బ్రేకు మీదే ఉంచు.

బండిలో చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. సెకండ్‌హ్యాండ్ బండి కాబట్టి ముందు మధ్య పిల్లర్, అంటే ముందు తలుపుకీ వెనక తలుపుకీ మధ్య నిలువుగా ఉండేది, చూడాలి. నాలుగు తలుపుల చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ చేత్తో లాగితే వచ్చేస్తుంది. దాని కింద రేకు అంచున కంపెనీ స్పాట్ వెల్డింగ్ గుంటలు గుండ్రంగా, సమదూరంలో వరసగా ఉంటాయి. ఒక వైపు అలా ఉండి రెండో వైపు గుంటలు లేకపోయినా, గ్రైండింగ్ గీతలు కనపడినా, పుట్టీ మందంగా తగిలినా ఆ పక్క ఒకసారి గుద్దుడు తిన్నదే. ఒకప్పుడు మేం గ్యాసుతో ఎర్రగా కాల్చి సుత్తితో సరిచేసేవాళ్ళం. ఇప్పటి బండ్లలో చాలావాటికి ఆ పిల్లర్ ఉక్కు వేరు. కాలిస్తే ఆకారం వస్తుంది, బలం పోతుంది. పెయింటు వేశాక ఎవరికీ తెలియదు. ఈ పని నేను చేయనని చెప్పి వెనక్కి పంపించిన బండ్లున్నాయి. వాటిని ఇంకెవరో చేసి ఉంటారు.

నీ ముందు సీట్ల బయటి అంచున "ఎయిర్‌బ్యాగ్" అన్న చిన్న గుడ్డముక్క కుట్టి ఉందేమో చూడు. ఉంటే పక్క బ్యాగు సీట్లోంచే వస్తుంది. పక్క దెబ్బకి అది తెరుచుకోవడానికి దొరికే సమయం రెప్పపాటు కూడా ఉండదు. దాని మీద మందపాటి రెగ్జిన్ కవరు బిగించి కుట్టేస్తే అది ఎక్కడికి పోతుంది? అందం కోసం కార్ డెకార్ షాపుల్లో వేయించేది అదే. తలుపులో పెద్ద స్పీకర్లు పెట్టిస్తామని లోపల కోయనివ్వకు, కొన్ని బండ్లకి దెబ్బను పసిగట్టే సెన్సరు ఆ తలుపులోనే ఉంటుంది.

బెల్టు వెనక సీట్లో వాళ్ళూ పెట్టుకోవాలి. పక్కనుంచి గుద్దితే ఆ వైపు కూర్చున్నవాళ్ళు తలుపుకి తగులుతారు, రెండో వైపు వాళ్ళు ఎగిరి వీళ్ళ మీద పడతారు. తలకి తల తగులుతుంది. చంటిదాన్ని ఒళ్ళో పెట్టుకోవద్దని మీ అమ్మకి గట్టిగా చెప్పు. పిల్లల సీటు కొను, మధ్యలో మూడు కొసల బెల్టు ఉండి ఆ సీటు అక్కడ సరిగ్గా బిగిస్తే మధ్యలోనే పెట్టు. అద్దానికి తల ఆనించి నిద్రపోయే అలవాటు మీ ఇంట్లో అందరికీ ఉంది, అది మాన్పించు.

ఎప్పుడైనా ఎవరైనా పక్కనుంచి గుద్దితే, లేదా రోడ్డు మీద అలాంటిది చూస్తే, మనిషి లేచి నిలబడ్డాడని వదిలేయకు. పక్క దెబ్బలో పైకి చర్మం చిట్లకపోయినా, లోపల పక్కటెముకలు విరిగి, కుడి పక్కైతే కాలేయం, ఎడమ పక్కైతే ప్లీహం చిట్లొచ్చు. "బానే ఉన్నాను, కాస్త కడుపులో నొప్పి" అంటారు, గంట తర్వాత తెల్లబడిపోతారు. 108కి చేయి, హైవే మీదైతే 1033కి కూడా. మంటో, వెనకనుంచి బండ్లు వచ్చే ప్రమాదమో ఉంటే తప్ప మెడ కదిలించి బయటికి లాగొద్దు. సాయం చేసినందుకు పోలీసులు నిన్ను ఇబ్బంది పెట్టకూడదని చట్టమే ఉంది, భయపడకు.

ఆదివారం పొద్దున్నే షెడ్డుకి రా, ఆ రోజు పని ఉండదు. బీడింగ్ తీసి నాలుగు పిల్లర్లూ ఇద్దరం కలిసి చూద్దాం, సీటు కవర్లు నేనే కోసి ఇస్తాను. మీ అత్తయ్య కూడా నీ బండెక్కి కంకిపాడు దాకా వస్తానంటోంది. ఆమెని వెనక కూర్చోబెడదాం. ముందు నీ పక్కన నేను కూర్చుంటాను, ఆ మలుపు దగ్గర నువ్వెలా తిప్పుతావో చూస్తాను.

ఉంటాను,
మావయ్య