హైస్కూల్ బడ్జెట్ ఏటా పెరుగుతున్నా బడిలో ఎందుకు కనబడదు?

మన దేశంలో సెకండరీ విద్య మీద ప్రభుత్వ ఖర్చు ఇరవై ఏళ్లలో ఎన్నో రెట్లు పెరిగింది కదా, మరి సర్కారు హైస్కూళ్లు అలాగే ఉన్నాయేంటి, డబ్బంతా తినేస్తున్నారా అని అడిగారు. తినేవాళ్లు లేరని నేననను. కానీ నేను చూసినంతలో అసలు సంగతి అది కాదు. 1996 డీఎస్సీలో టీచర్‌గా చేరి, ఉమ్మడి రాష్ట్రంలో మొదలుపెట్టి తెలంగాణలో జెడ్పీ హైస్కూల్ హెచ్ఎంగా ఈమధ్యే రిటైరయ్యాను. బడి క్యాష్ బుక్ చాలా ఏళ్లు నా చేతిలోనే ఉంది.

ముందు ఆ పెరిగిన అంకెలో ఏముందో చూడండి. రాష్ట్ర బడ్జెట్ పుస్తకంలో 2202 అనే పద్దు సాధారణ విద్యది, దాని కింద 02 సెకండరీ. తెరిస్తే ఎక్కువ భాగం జీతాలే. 2015లో పీఆర్సీ, అంటే జీతాల సవరణ, వచ్చి మాకు 43 శాతం ఫిట్‌మెంట్ (మూల వేతనం మీద పెంపు) ఇచ్చారు, అలాంటి ఏడాది పద్దు పెరగక ఏం చేస్తుంది? మా బడికి మాత్రం కొత్తగా ఒక్క టీచర్ రాలేదు, ఫిజిక్స్ పోస్టు ఖాళీగానే ఉండిపోయింది, లెక్కల సారే రెండూ చెప్పుకొచ్చారు. (జీతం పెరిగినందుకు నాకేం బాధ లేదు లెండి, ఇంటి లోను తీరింది దానితోనే.)

ఇక పాత కథ. 2000 తర్వాత కేంద్రం దృష్టంతా ఎనిమిదో తరగతి దాకా చదివించే సర్వశిక్షా అభియాన్ పథకం మీదే, 2010లో అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం కూడా 6 నుంచి 14 ఏళ్ల వాళ్లకే, అంటే ఎనిమిదో తరగతితో సరి. అది తప్పని కాదు. కానీ ఒకటో తరగతిలో ఇంటింటికీ తిరిగి చేర్పించిన పిల్లాడు ఎనిమిదేళ్లు పోయాక తొమ్మిదికి వస్తాడు కదా, వాడికి గది ఏది, బెంచీ ఏది? ఆ లెక్క 2009లో హైస్కూళ్ల కోసం రాష్ట్రీయ మాధ్యమిక శిక్షా అభియాన్ పథకం పెట్టేదాకా ఎవరికీ గట్టిగా పట్టలేదు. దానికంటే ముందే, 2007లో, సెకండరీ, ఉన్నత విద్య పేరుతో పన్ను మీద 1 శాతం సెస్, అంటే అదనపు పన్ను, వేశారు. ఆ డబ్బుకంటూ విడిగా ఒక నిధి పెట్టడానికి కేబినెట్ ఒప్పుకున్నది 2017 ఆగస్టులో. అంటే పదేళ్లు వసూలు చేశాక! మరుసటి ఏడాదే ఆ సెస్సును తీసేసి ఆరోగ్యంతో కలిపి 4 శాతం చేశారు. దేశ ఆదాయంలో 6 శాతం చదువు మీద పెట్టాలని 1966లో కొఠారీ విద్యా కమిషన్ చెప్పిన మాట 2020 విద్యా విధానంలోనూ అలాగే ఉంది. అందుకున్నది మాత్రం ఎప్పుడూ లేదు.

బడికి నేరుగా వచ్చే డబ్బు సంగతి చెప్తాను, ఎందుకంటే మీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. మాధ్యమిక శిక్షా అభియాన్ కింద అప్పట్లో హైస్కూలుకు ఏడాదికి 50 వేల గ్రాంటు, అందులో ల్యాబుకు 25 వేలు, లైబ్రరీకి 10, కరెంటు, నీళ్లు వగైరాకు 15. చిన్న రిపేర్లకు విడిగా ఇంకో 25 వేలు. 2018లో ఈ అభియాన్‌లన్నీ కలిపి సమగ్ర శిక్ష అనే ఒకే పథకం చేశాక గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి అన్నారు, మాకు 180 మంది, మళ్లీ అదే 50 వేలు. అదీ వచ్చేదెప్పుడు? ఒక ఏడాది జూలైలో బోరు మోటారు కాలిపోయింది. ఆడపిల్లల బాత్రూముల్లో నీళ్లు లేవు, మధ్యాహ్నం దాటితే కొందరు ఇంటికెళ్లి తిరిగి వచ్చేవారు కాదు. నేనూ ఇద్దరు సార్లూ చందా వేసుకుని వైండింగ్ చేయించాం, రెండు నెలలకు మళ్లీ పోయింది. గ్రాంటు ఫిబ్రవరి ఆఖర్లో పడింది, మార్చి 31 లోపు ఖర్చు చేసి యూసీ (డబ్బు వాడినట్టు ధ్రువపత్రం) పంపాలి, లేదంటే డబ్బు వెనక్కి. పరీక్షల టైంలో ఓచర్ల కోసం షాపుల చుట్టూ తిరిగాను. కొత్త మోటారు బిగిస్తూ మెకానిక్ అన్నాడు, 'సార్, ఇంకో నెలకు సెలవులే కదా, ఇప్పుడెవరికి నీళ్లు?' ఏం చెప్పను. కాగితం మీద ఆ ఏడాది మా బడి నూటికి నూరు శాతం ఖర్చు చేసినట్టే.

ఇంకో చిక్కు, దేశాల మధ్య పోల్చేటప్పుడు వచ్చేది. యునెస్కో లెక్కలో మన 6, 7, 8 తరగతులు కూడా సెకండరీయే, మన చట్టంలో అవి ఎలిమెంటరీ. మా బడిలో ఒకే సారు మొదటి పీరియడ్ ఏడుకు, తర్వాతి పీరియడ్ పదికి చెప్తారు, ఆ జీతాన్ని ఎక్కడ కోసి ఎటు వేస్తారు? మధ్యాహ్న భోజనమూ అంతే, ఎనిమిది దాకా కేంద్రం వాటా ఉంటుంది, తొమ్మిది, పదికి రాష్ట్రమే పెట్టుకోవాలి. గిన్నె ఒకటే, అన్నం ఒకటే, బిల్లులు మాత్రం విడివిడిగా రాసేవాళ్లం.

కాబట్టి మీరు నిజంగా లెక్క చూడాలనుకుంటే మొత్తం అంకె వదిలేసి జీతాలు కాని ఖర్చు తీయండి, ధరల పెరుగుదల తీసేసి పిల్లల సంఖ్యతో భాగించండి. బడ్జెట్ పుస్తకంలో అంచనాల కాలమ్ కాదు, రెండేళ్ల కిందటి అసలు ఖర్చు ఇచ్చే అకౌంట్స్ కాలమ్ చూడండి. అంచనాలు పేపర్లో హెడ్డింగులకు పనికొస్తాయి, మోటారు బిగించడానికి కాదు.