సర్వే డేటా చేతికొచ్చిన మేనల్లుడికి

ఒరేయ్ నాయనా,

రాత్రి రాత్రికీ ఆకాశాన్ని ఫోటోలు తీసే సర్వేలో నీ ఉద్యోగం ఆర్డరు చేతికొచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. సంతోషం సగం, "వాడు రాత్రంతా కొండ మీద చుక్కలు చూస్తా కూర్చోవాలా వదినా" అనే దిగులు సగం. చూసేవాళ్ళు వేరే ఉంటారు, వీడిది చూసినదాని లెక్క చూసుకునే పని అని చెప్పాక కాస్త నిమ్మళించింది. ఆమె సంగతి అట్లా సర్దేశాను గానీ నీ టెన్షన్ నాకు తెలుసు. ప్రాసెసింగూ నీదే, ఆర్కైవూ నీదే అన్నారంటే, రేపు ఏ ఫైలు కనబడకపోయినా అందరూ నీ మొహమే చూస్తారు. ఈ పనిలోనే తల పండించుకుని తిరుపతికొచ్చి కూర్చున్నదాన్ని కాబట్టి, అడక్కపోయినా రాస్తున్నా.

అసలు మాట ముందే చెప్పేస్తా. పైప్‌లైన్ (ఫోటోలను వరుసగా సరిచేసి కొలిచే ప్రోగ్రాం) పాడైతే మళ్ళీ రాసుకోవచ్చు, క్యాటలాగ్ (చుక్కల స్థానాలూ వెలుగులూ ఉన్న పట్టిక) తప్పైతే మళ్ళీ చేసుకోవచ్చు, సర్వర్ పోతే టెండరు పిలిచి ఇంకోటి కొనుక్కోవచ్చు. ఫలానా రాత్రి ఫలానా దిక్కున ఆకాశం ఎట్లా ఉందో అది మాత్రం ఎవరూ మళ్ళీ తెచ్చివ్వలేరు. నీ టైమూ డబ్బూ పట్టుదలా ముందు ముడి ఫైళ్ళ (కెమెరాలోంచి వచ్చినవి వచ్చినట్టే ఉన్న ఫోటోల) మీదా, వాటి గురించి రాసిపెట్టే వివరాల మీదా పెట్టు. కొత్తగా చేరిన వాళ్ళలో చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. వచ్చీ రాగానే మంచి పైప్‌లైన్ రాసి పేరు తెచ్చుకోవాలని చూస్తారు, ముడి ఫైళ్ళు ఏదో ఒక డిస్కులో ఉన్నాయిలే అనుకుంటారు.

సైజుల గురించి భయం పెట్టేవాళ్ళు చాలామంది దొరుకుతారు. చిలీలో రూబిన్ వేధశాల 2025 జూన్‌లో తొలి చిత్రాలు చూపించింది కదా, దాని కెమెరా 3,200 మెగాపిక్సెళ్ళు, రాత్రికి దాదాపు 20 టెరాబైట్లు, సర్వే పదేళ్ళు. అది చూసి బెదిరిపోకు, మీది ఆ లెక్క కాదు. 4,096 బై 4,096 పిక్సెళ్ళ కెమెరా అనుకో, పిక్సెల్‌కి రెండు బైట్లు, అంటే ఫ్రేముకి (ఒక్కో ఫోటోకి) 33 ఎంబీ. రాత్రికి 300 ఫ్రేములు తీసినా 10 జీబీ, పెన్‌డ్రైవ్‌లో పట్టే సరుకు. మరి ఇంత చిన్న సర్వే అయినా డిస్కు ఎందుకు నిండిపోతుందంటే, ప్రాసెస్ చేశాక ఒక్కో పిక్సెల్ నాలుగు బైట్ల దశాంశం అవుతుంది, దాని పక్కన అంతే సైజులో ఎంత నమ్మవచ్చో చెప్పే పటం, చెడ్డ పిక్సెళ్ళను గుర్తించే మాస్క్ ఇంకొకటి, వెరసి ముడి ఫ్రేము 33 ఎంబీ ఉన్నచోట 167 ఎంబీ వచ్చి కూర్చుంటుంది, ఆపైన కొత్త ఫోటోలోంచి పాతది తీసేసిన తేడా చిత్రాలు, చాలా ఫోటోలు ఒకటిగా కలిపిన చిత్రాలు, "ఎందుకైనా మంచిది" అని ఎవరో దాచుకున్న కాపీలు. జాగా చాలట్లేదని ముడి ఫ్రేముల జోలికి పోవద్దు, మధ్యలో పుట్టే ఈ ఫైళ్ళను కొయ్యి. ముడి ఫ్రేములు, బయాస్‌లు (వెలుగు పడకుండా తీసే ఖాళీ ఫ్రేములు), ఫ్లాట్లు (సమంగా పరుచుకున్న వెలుగును తీసే ఫ్రేములు), ఏ వెర్షన్ కోడ్ ఏ సెట్టింగులతో నడిచిందో, చివరి క్యాటలాగ్, ఇవి ఉంటే మిగతావన్నీ మళ్ళీ పుట్టించుకోవచ్చు.

కుదింపు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. ముడి ఫ్రేములను రైస్ అనే పద్ధతిలో కుదిస్తే సగానికి అటూ ఇటూ వస్తాయి, ఒక్క పిక్సెల్ విలువ కూడా మారదు. దశాంశాలున్న ఫైళ్ళకు అదే కమాండ్ ఇస్తే మాత్రం విలువలను కాస్త గుండ్రం చేసి కుదిస్తుంది, చిన్న చిన్న తేడాలు పోతాయి. ప్రాసెస్ చేసినవాటికి అది ఫరవాలేదు.

ఫార్మాట్ దగ్గర తెలివితేటలు వద్దు, ఖగోళ ఫోటోలకు అందరూ వాడే ఫిట్స్ ఫార్మాట్‌లోనే పెట్టు. 1981 నాటిది, 2,880 బైట్ల దిమ్మెలు, హెడర్‌లో (ఫైలు మొదట్లో వివరాలు రాసే భాగంలో) వరుసకి 80 అక్షరాలు, అంతా పంచ్ కార్డుల కాలపు కొలత. మీ కుర్రాళ్ళు చూసి నవ్వుతారు, నవ్వనీ. అప్పటి ఫైలు ఇప్పటికీ తెరుచుకుంటుంది, హెడర్ చదవడానికి ప్రత్యేకంగా ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. వాటికన్ గ్రంథాలయం వాళ్ళు తమ పాత రాతప్రతులను స్కాన్ చేసి దాచడానికి ఏరికోరి ఈ ఖగోళ ఫార్మాట్‌నే తీసుకున్నారంటే చూసుకో.

తేదీ విషయం జాగ్రత్త. మనకు అర్ధరాత్రి అయితే యూటీసీలో (ప్రపంచమంతా ఉమ్మడిగా లెక్కపెట్టుకునే టైములో) సాయంత్రం 6:30, అంటే యూటీసీ తేదీ మారేది మనకు తెల్లవారుజామున 5:30కి. చలికాలంలో మీ ఉత్తరాది కొండల మీద అప్పటికి ఇంకా చీకటే, టెలిస్కోప్ పని చేస్తూనే ఉంటుంది, పొద్దున వెలుగులో తీసే ఫ్లాట్లు ఎటూ ఆ టైము దాటాకే. ఫైలు తేదీని బట్టి ఫోల్డర్ పేరు పెట్టే ప్రోగ్రాం రాశావో, ఒకే రాత్రి పని రెండు ముక్కలై, ఆ ఫ్లాట్లన్నీ మర్నాటి రాత్రి ఖాతాలో పడతాయి. పైప్‌లైన్ పాపం వాటితోనే చక్కగా సరిచేసి, ఏ ఎర్రరూ చూపించకుండా తప్పు జవాబు ఇస్తుంది. సాయంత్రం ఏ తేదీయో తెల్లారేదాకా అదే తేదీ, మధ్యాహ్నం నుంచి మధ్యాహ్నం దాకా ఒక రాత్రి అని మొదటిరోజే పెట్టుకో. రూబిన్ వాళ్ళు కూడా యూటీసీని 12 గంటలు వెనక్కి జరిపి రాత్రి తేదీ లెక్కేస్తారు, చిలీలో యూటీసీ తేదీ సరిగ్గా పని మొదలయ్యే వేళకు మారిపోతుంది మరి. ఫైలు లోపల టైము మాత్రం ఎప్పుడూ యూటీసీయే, ఎవరు బతిమాలినా ఐఎస్‌టీ రానీయకు.

హెడర్‌ను గుడ్డిగా నమ్మొద్దు కూడా. నేను పనిచేసిన ఒకచోట ఫిల్టర్ చక్రం శుభ్రం చేసి మళ్ళీ బిగించేటప్పుడు రెండు ఫిల్టర్లు తారుమారు పెట్టారు. హెడర్ మాత్రం పాత పద్ధతిలోనే జి (ఆకుపచ్చ) అని ఒకదానికి, ఆర్ (ఎరుపు) అని ఇంకోదానికి రాసుకుంటూ పోయింది. సీజన్ చివర్లో చుక్కల రంగులు గీసి చూస్తే ఎర్ర నక్షత్రాలు నీలంగా, నీలం నక్షత్రాలు ఎర్రగా తేలాయి. ఏ రాత్రి నుంచి తిరగబడిందో ఎట్లా పట్టుకున్నామంటే, ఆ రాత్రి అబ్జర్వర్ చేతిరాత లాగ్‌బుక్‌లో "సాయంత్రం చక్రం తీశారు, ఆర్‌లో ఫ్లాట్ ఎక్కువసేపు పట్టింది, ఎందుకో తెలీదు, 2 గంటలకు పల్చటి మబ్బు" అని ఒక్క వాక్యం దొరికింది. ఏ సెన్సరూ రాయని మాట అది. రాత్రి షిఫ్టులో ఉన్నవాళ్ళ చేత రోజూ రెండు వాక్యాలైనా రాయించు, "అంతా బాగుంది" అని రాస్తే ఒప్పుకోకు. ఆ లాగ్‌ను టైపు చేయించి ఆ రాత్రి ఫోల్డర్‌లోనే పెట్టు, ఎవరో సొంత ల్యాప్‌టాప్‌లో ఉంచుకుని బదిలీ మీద పోతే దానికి దిక్కుండదు.

కొండ మీద నుంచి కిందికి డేటా దింపడం ఇంకో కథ. లింకు తెగుతుంది, కరెంటు పోతుంది, సగం ఫైలు వచ్చి పూర్తి ఫైలులా నటిస్తుంది. అలిపిరిలో సామాను ఇచ్చి చీటీ తీసుకుని, నడిచి పైకెళ్ళి చీటీ చూపించి తీసుకుంటాం కదా, నువ్వూ అట్లానే చెయ్యి, కాకపోతే నీ చీటీ మీద మూటల లెక్క ఒక్కటే సరిపోదు. ఫైలు పుట్టిన నిమిషంలోనే, కెమెరా కంప్యూటర్‌లోనే చెక్‌సమ్ (ఫైల్లోని బైట్లన్నిటి నుంచి లెక్కగట్టే చిన్న అంకె, ఫైలు చెడితే అదీ మారుతుంది) తీసి రాసిపెట్టుకో, కిందికి దిగాక మళ్ళీ తీసి రెండూ పోల్చు. కిందికొచ్చిన తర్వాత మొదటిసారి తీసే చెక్‌సమ్ ఎందుకూ పనికిరాదు, అప్పటికే చెడిపోయి ఉంటే చెడిపోయినదానికే ముద్ర వేసినట్టవుతుంది. రెండు చోట్ల సరిపోలిందని తేలేదాకా పైన డిస్కులోంచి ఏదీ తుడవనివ్వొద్దు, డిస్కు నిండిందని ఎవరు ఎంత గోల పెట్టినా సరే.

ప్రాసెసింగ్‌లో రెండు దారులు విడివిడిగా ఉంచు. ఒకటి తొందర దారి: ఫ్రేము రాగానే దానిలోంచి పాత చిత్రాన్ని తీసేసి, కొత్తగా ఏం వెలిగిందో ఏది కదిలిందో చెప్పడం. రూబిన్ 60 సెకన్లలో అలర్ట్ (ఆకాశంలో ఏదో మారిందనే కబురు) పంపాలని పెట్టుకుంది, అమెరికాలో పాలొమార్ వేధశాల నుంచి జడ్‌టీఎఫ్ అనే ఆకాశ సర్వే 2018 నుంచి రోజూ లక్షల్లో అలర్టులు పంపుతూ వచ్చింది. వాటిలో ఉపగ్రహాల చారలూ, కాస్మిక్ కిరణాలూ, తీసివేత సరిగా కుదరక మిగిలిన మచ్చలూ బోలెడు, అందుకే అసలేదో నకిలీయేదో మార్కులు వేసే ప్రోగ్రాం ఉంటుంది. రెండోది నిదానం దారి, ఏడాదికోసారి మొత్తం డేటాను ఒకే వెర్షన్ కోడ్‌తో మొదట్నుంచీ నడపడం. తొందర దారి ఫలితాలను ఎవరూ పదేళ్ళ మార్పులు కొలవడానికి వాడకుండా చూసుకో, మధ్యలో కోడ్ మారిన రోజున ప్రతి చుక్క వెలుగూ ఒక్కసారిగా మారినట్టు కనబడుతుంది.

ఒక పాత బూచి గురించి చెప్పి తీరాలి. ఆకాశంలో తూర్పు పడమరల కొలత 360 డిగ్రీల దగ్గర మళ్ళీ సున్నా అవుతుంది. 359.9999 దగ్గరున్న చుక్కా, 0.0001 దగ్గరున్న చుక్కా పక్కపక్కనే, కానీ మామూలు తీసివేత చేసే ప్రోగ్రాంకి అవి ఆకాశానికి ఆ చివరా ఈ చివరా. పరీక్షించేటప్పుడు సున్నా గీత మీద ఒక తావు, ధ్రువం దగ్గర ఒక తావు తప్పకుండా పెట్టుకో. మధ్యలో ఏ తావు తీసుకున్నా పాస్ అయిపోతుంది, దాన్ని చూసి మురిసిపోవద్దు.

డేటాబేస్ కట్టే ముందు టేబుళ్ళు గీయడం మొదలుపెట్టకు. స్లోన్ సర్వేకి, అదే న్యూ మెక్సికోలో 2.5 మీటర్ల టెలిస్కోప్‌తో 2000లో మొదలైనదానికి, డేటాబేస్ నిపుణుడు జిమ్ గ్రే, ఖగోళ శాస్త్రవేత్త అలెక్స్ సలాయ్ కలిసి డేటాబేస్ కట్టినప్పుడు ముందు ఖగోళ శాస్త్రవేత్తలను కూర్చోబెట్టి, మీరు అడగబోయే 20 ప్రశ్నలు చెప్పండి అన్నారు. ఆ ఇరవైకీ జవాబు వచ్చేట్టు కట్టారు. నువ్వూ అదే చెయ్యి. మీ సైంటిస్టులు "అన్నీ కావాలి" అంటారు, వినకు, కాగితం ముందు పెట్టి రాయించు. ఇంకోటి, స్లోన్ వాళ్ళు ఒకసారి విడుదల చేసిన డేటాను మళ్ళీ ముట్టుకోరు. తప్పు దొరికితే తర్వాతి విడుదలలో సరిచేస్తారు, పాతది పాతదిగానే ఉంటుంది. ఎవరో ఒకరు ఆ పాతదాని మీద పేపరు రాసి ఉంటారు కదా, వాళ్ళ అంకెలు మళ్ళీ వేసి చూడాలంటే అదే డేటా ఉండాలి. చడీచప్పుడు లేకుండా ఒక్క వరుస సరిదిద్దినా నమ్మకం పోతుంది.

దాచడం దగ్గరికి వద్దాం. మన హైదరాబాదు నిజామియా వేధశాల గత శతాబ్దం మొదట్లో, దేశాలన్నీ కలిసి ఆకాశపటం వేసుకున్నప్పుడు, దక్షిణాన -17 నుంచి -23 డిగ్రీల పట్టీ తన వంతుకు తీసుకుంది. గాజు పలకల మీద చుక్కల స్థానాలు కొలిచి సంపుటాలుగా అచ్చేశారు. ఆ మొత్తం పటం కొలతలను మళ్ళీ బయటికి తీసి, 2000లో వచ్చిన టైకో-2 క్యాటలాగ్‌లో 25 లక్షల నక్షత్రాల కదలికలు లెక్కగట్టడానికి వాడారు. ఏ పలక ఏ రాత్రి తీశారో రాసి ఉండబట్టే కుదిరింది, తేదీ లేని స్థానంతో కదలిక లెక్కకు రాదు. మన చిత్తూరుకు పక్కనే, తమిళనాడులోని కవలూరు వేధశాలలో కూడా 1988లో ఫోటో పలకల మీదే రామానుజన్ గ్రహశకలాన్ని పట్టారు. అట్లాంటి పలకలు చూసినవాళ్ళకు ఒకటి తెలుసు, అవి వందేళ్ళు ఊరికే బీరువాలో ఉన్నా ఉంటాయి. నీ హార్డ్ డిస్కు ఉండదు.

పలకకైనా గండం నీళ్ళ రూపంలో వస్తుందనుకో. 2016 జనవరిలో హార్వర్డ్‌లో నీళ్ళ పైపు పగిలి దాదాపు 61,000 పలకలు మునిగాయి. అందుకే మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి వేరే ఊళ్ళో. వేరే ఊళ్ళో అంటే పక్క బిల్డింగు కాదు. రెయిడ్ (ఒక డిస్కు చెడినా పని ఆగకుండా చాలా డిస్కులను కలిపి నడిపే పద్ధతి) ఉంది కదా అంటారు, రెయిడ్ బ్యాకప్ కాదు, ఎవరో పొరపాటున ఫోల్డర్ తుడిచేస్తే రెయిడ్ అన్ని డిస్కుల్లోంచీ శ్రద్ధగా తుడిచేస్తుంది. దీర్ఘకాలానికి టేప్ చవక, కానీ టేప్ కొంటే అయిపోలేదు. ఎల్‌టీఓ అనే రకం టేపుల్లో 9వ తరానిది, ఎల్‌టీఓ-9 డ్రైవ్, 8వ తరం టేప్ దాకానే చదువుతుంది, 7వ తరం టేప్ ఇస్తే ఇక నీకూ దానికీ సంబంధం లేదు. ప్రాజెక్టు బడ్జెట్‌లో టేపుల ఖర్చు ఒక్కసారి కాకుండా, కొన్నేళ్ళకోసారి పాత తరం నుంచి కొత్త తరానికి ఎక్కించే ఖర్చు విడిగా, ఇప్పుడే రాయించు. కెమెరాకు కోట్లు అడిగితే కమిటీ తలూపుతుంది, అయిదేళ్ళ తర్వాత టేపులు మార్చాలంటే "అప్పుడే ఇచ్చాం కదా" అంటుంది.

వానాకాలంలో మీ డోమ్ ఎటూ మూసేస్తారు, అందరూ సెలవులకు పోతారు, నువ్వు మాత్రం అప్పుడే సెలవు పెట్టకు. ఆ నెలల్లో ఏడాది పాతదైన రాత్రి ఒకటి కళ్ళు మూసుకుని ఎంచుకో, వేరే ఊరి టేప్ నుంచి తెప్పించు, మీ పాత సర్వర్ల సాయం లేకుండా కొత్త మెషీన్ మీద కొత్తగా చేరిన కుర్రాడి చేత మొదట్నుంచీ నడిపించు. నువ్వు పక్కన కూర్చుని సందేహాలు తీర్చొద్దు, వాడు ఎక్కడ ఆగిపోయి నిన్ను పిలుస్తాడో రాసుకుంటూ పో. వాడు పిలిచిన ప్రతిచోటా రాసిపెట్టాల్సింది ఒకటి మిగిలిపోయిందన్నమాట, అది హెడర్‌లోకి పోతుందో, రీడ్‌మీ ఫైల్లోకి పోతుందో చూసి రాయించెయ్. చివర్లో వచ్చిన క్యాటలాగ్‌నూ విడుదలలో ఉన్న క్యాటలాగ్‌నూ వరుసకి వరుస పోల్చి, తేడా ఉంటే ఆ జాబితా నాకు పంపు. కొనుగోలు ఆర్డర్లు వెళ్ళేలోపు మీ డేటా ప్లాన్ ముసాయిదా కూడా పంపు, డిస్కుల లెక్క నేనోసారి వేసి చూస్తాను.

మీ అత్త,
తిరుపతి